మానస ఫోన్‌కు తాళం

కృపారాణి బోయినపల్లి నుంచి సిరిసిల్లలోని బట్టలు కుట్టే కంపెనీకి రోజూ బస్సులో వెళ్లివచ్చేది. భర్త మహేశ్‌ది దుబాయిలో మేస్త్రీ పని. కూతురు మానస తొమ్మిదో తరగతి. పాఠాల కోసమని తండ్రి పంపిన ఫోన్‌లో ఆ పిల్ల, కంచం ముందు పెట్టుకుని కూడా రీల్స్ చూసేది. క్లాసులో నిద్రపోతోందని టీచరు పిలిచి చెప్పాక, కృపారాణి ఆ ఫోన్ పట్టుకుని సిరిసిల్లలో సెల్‌షాపు దినేశ్ దగ్గరికి వెళ్లింది.

దినేశ్ రెండు యాప్‌లు చూపించాడు.

"గిదైతే టైము ఒక్కటే ఆపుతదక్కా. గిదైతే పిల్ల ఎటు పోతుంది, ఎవలతోని మాట్లాడుతుంది, అన్నీ చెప్తది."

"నా బిడ్డ మీద నేనే కావలి ఉండుడేంది? టైముదే ఎయ్యి."

"నీది బటన్ల ఫోనాయె. దీని తాళం ఇంకో పెద్ద ఫోన్ల ఉండాలె."

"మరి వాళ్ల బాపు ఫోన్ల పెట్టు."

దినేశ్ దుబాయికి లింకు పంపి, తాళం మహేశ్ ఫోన్‌లో పెట్టించాడు. రోజుకు గంట. గంట కాగానే ఫోన్ మూసుకుపోయేది. మొదట్లో మానస ఏడ్చింది, అలిగి పడుకుంది. మెల్లగా పుస్తకం తీసింది. కృపారాణి మనసు కుదుటపడింది.

ఆ తర్వాత ఫోన్‌లో మహేశ్ మాట తీరు మారింది.

"మొన్న చీకటి పడ్డంక అచ్చినవట?"

"ఆర్డర్ ఉండె. అందరం ఉన్నం."

"వీరేందర్ బండి మీద దిగినవట గదా."

వీరేందర్ కంపెనీలో సూపర్‌వైజర్. ఆఖరి బస్సు తప్పిన ఆ ఒక్కరోజు, అటే పోతున్నానని ఇంటి దాకా దింపాడు. ఎవరు చెప్పారని ఆమె అడిగితే మహేశ్ ఫోన్ పెట్టేశాడు. పక్కింటి జమునే చెప్పి ఉంటుందనుకుంది కృపారాణి. నీళ్ల దగ్గర నిలదీసింది. జమున నమ్మలేనట్టు చూసి, బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ పలకరించలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మానస ఇంకా ఫోన్ చూస్తోంది.

"గంట ఎప్పుడో అయిపాయె. ఇంకెట్ల నడుస్తుంది?"

మానస తల ఎత్తలేదు. "బాపు పెంచిండు."

"ఎందుకు?"

"నువ్వు ఎప్పుడు అచ్చినవో, ఎట్ల అచ్చినవో చెప్తే పెంచుతడు."

"బండి సంగతి నువ్వే చెప్పినవా?"

"అడిగిండు, చెప్పిన. అబద్ధమాడద్దని నువ్వే అంటవ్ గదా."

కృపారాణి చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అలాగే దించుకుంది.

ఆ యాప్ తీసెయ్యమని మహేశ్‌ను అడిగింది.

"దాసిపెట్టేది ఏం లేకపోతే నీకేం బాధ?" అన్నాడతను.

దినేశ్‌ను అడిగింది. పాస్‌వర్డ్ మహేశ్ దగ్గరే ఉందని, బలవంతంగా తీస్తే అతనికి మెసేజ్ పోతుందని చెప్పాడు. ఆమె ఫోన్ తీసుకుని వచ్చేసింది.

ఆర్డర్ ఉన్నా చీకటిపడేదాకా ఉండటం మానేసింది. కంపెనీవాళ్లు ఆమెను మిషన్ మీదనుంచి తీసి, జీతం తక్కువుండే దారాలు కత్తిరించే పనిలో కూర్చోబెట్టారు. జమునతో మాట్లాడబోతే తలుపు దగ్గరికి వేసుకుంది. మానస చదువు మళ్లీ మొదటికొచ్చింది.

ఇప్పుడు సాయంత్రం తల్లి గడప దాటగానే మానస గోడ గడియారం వైపు చూస్తుంది. అది చూసీ చూడనట్టే కృపారాణి పొయ్యి దగ్గరికి వెళ్తుంది.