చిలకమ్మ కిడ్నీ

“మాత్రలు తగ్గించకపోతే ఫంగస్ ఊపిరితిత్తులు తినేస్తాదని డాక్టర్ సెప్పినాడు కదా. ఇంకా ఏటి మొండితనం నాన్నా?” తనకిచ్చిన రైల్వే క్వార్టర్ వరండాలో కొడుకు హరిబాబు అరుస్తున్నాడు. నూకయ్య దగ్గు ఆపుకుంటూ నీళ్లు తాగుతున్నాడు. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎక్కడ కూర్చున్నా కుడి అరచెయ్యి పొత్తికడుపు మీదే ఉంటుంది. అక్కడున్నది చనిపోయిన భార్య చిలకమ్మ ఇచ్చిన కిడ్నీ. గ్లాసు ఎత్తినప్పుడల్లా “మీ అమ్మకి దాహమేస్తంది” అంటాడు. ఎవరిచ్చినా ఒంటికి అది పరాయి మాంసమే. దాని మీద పడకుండా ఒంట్లోని కాపలా కణాలను ఆ మాత్రలు జోకొడుతున్నాయి. మనం రోజూ పీల్చే ఫంగస్ రేణువులను మింగేసేవీ ఆ కణాలే. అందుకే గోడ పైనున్న వెంటిలేటర్ కిటికీలో పావురాల రెట్ట ఊడ్చినప్పుడు లేచిన దుమ్ము అతని ఛాతీలో పాతుకుపోయింది. ఇప్పుడు మాత్రలు తగ్గించి ఆ కణాలను లేపితే ఫంగస్‌తో పోరాడతాయి, కిడ్నీనీ వదలకపోవచ్చు.

“నువ్వు బతకాలనే కదా అమ్మ ఇచ్చింది,” అన్నాడు హరిబాబు, గొంతు తగ్గించి.

నూకయ్య గ్లాసు కింద పెట్టాడు. “ఠీక్ హై, తగ్గించమను. అది సచ్చిపోయినా కోసి తియ్యొద్దని సెప్పు బాబూ. నాలోనే ఉండనిమ్మను.”