పేరు కొడితేనే దొరికే వీరన్న

ఏడో తరగతిలోనే బడి నన్ను, నేను బడిని వదిలించుకున్నాం. అయినా తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేనొక బ్లాగు తెరిచాను. కొత్తగూడకు చెందిన మా దోస్తు వీరన్న ధూంధాం సభల్లో సొంత పాటలు పాడేవాడు. అతను పాము కరిచి చనిపోయాక ఒక పాట, ఫొటో అందులో పెట్టాను.

ఒకరోజు వాళ్లమ్మ మహబూబాబాద్‌లో నేను కూర్చునే నెట్ సెంటర్‌కు వచ్చింది.

"నా కొడుకు పాట అందరికి కనవడ్తదా బిడ్డా?"

'తెలంగాణ పాటలు' అని వెతికాను. ఎన్ని పేజీలు తిప్పినా వీరన్న రాలేదు.

సెంటర్ నడిపే అన్న నవ్వాడు. "'మా వీరన్న పాట' అని పేరు పెడ్తివి. ఇదేమన్న లగ్గం పత్రికనా తమ్మీ? జనం వెతికే మాటలు పెట్టాలె. 'తెలంగాణ అమరుడి పాట' అని పెట్టు, ముందటికొస్తది."

"పాము కరిచి పోయిండు గదా, అబద్ధం ఎందుకు? వాని పేరే ఉండనియ్యి," అందామె.

వీరన్న పేరు, ఊరు కలిపి కొట్టాను. మొదటనే వచ్చాడు. ఆమె తెర మీద కొడుకు చెంప నిమిరి, "ఇగో, అందరికంటె ముందట్నే ఉన్నడు," అని మురిసిపోయింది.

ఆ పేరు కొట్టి వెతికేది లోకంలో నేనొక్కడినేనని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.