ఐదుకు ఐదు

నా బీపీ తగ్గింది. గదే నెలల మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి బడి మానేసింది. రెండిటికీ కారణం ఒక్కటే. అందుకే బీపీ తగ్గిందని నేను ఎవ్వరికీ గొప్పగ చెప్పుకోలే.

మాది పాతబస్తీల సర్కారు బడి. నేను తెలుగు చెప్త. పొద్దున రాంగనే ఫోనుకు మొఖం చూపియ్యాలె, అప్పుడే నా హాజరు పడ్తది. నవ్వుకుంట చూపిస్తే ఫోను నన్ను గుర్తువట్టదు, చిరాకుగ చూస్తే టక్కున పడ్తది. తర్వాత పిల్లల హాజరు ఎక్కియ్యాలె, మధ్యాహ్నం అన్నం ఫోటో, గుడ్డు ఫోటో ఎక్కియ్యాలె. గీ లొల్లి నడుమ పాఠం గూడ చెప్పాలె. నేను అరిస్తే దూరంగున్న బార్కస్ బస్తీ దాంక వినవడ్తదని స్టాఫ్‌రూంల అంటరు. అబద్ధమని నేను అనలే.

దవాఖానల డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి చూసి, "టెన్షన్ తీస్కోకండి మేడం" అన్నది.

"నేను తీస్కుంటలేనమ్మా, వాళ్లే తెచ్చిస్తున్నరు" అన్న. ఆమె నవ్వలే. గోలీలు రాసింది.

అసలు మందు మా లెక్కల సారు చెప్పిండు. ఆయనకు బీపీ లేదు, షుగర్ లేదు, ఫికర్ అసలే లేదు. "మీరు పరీక్ష పేపర్లు చదువుతున్నరు మేడం, గదే మీ రోగం. చదవొద్దు, దిద్దాలె" అన్నడు. లేఖ అంటే పైన ఊరు, తేదీ ఉన్నదా, 'గౌరవనీయులైన' అని ఉన్నదా, కింద 'ఇట్లు' ఉన్నదా చూడాలె. ఉంటే ఐదుకు ఐదు. నడుమల ఏముంటది, జ్వరమో పెండ్లో. లెక్కల సారుకు లేఖల సంగతి ఎట్ల తెలుసని నేను అడగలే. అడిగితే మళ్ల టెన్షన్.

అర్ధ సంవత్సరం పరీక్షల గట్లనే చేసిన. 'సెలవు కోరుతూ మీ తరగతి ఉపాధ్యాయురాలికి లేఖ రాయండి' అని ప్రశ్న. తరగతి ఉపాధ్యాయురాలిని నేనే. కట్ట మొత్తం ఒక్క ఆదివారం పొద్దుగాల్నే అయిపోయింది. ఎన్నడూ లేంది చాయ్ వేడిగ ఉండంగ తాగిన. మస్తు హాయిగనిపిచ్చింది. ఇంట్ల సంతకం పెట్టిచ్చుకోని రమ్మని పేపర్లు పిల్లలకు ఇచ్చిన.

అటెన్క మూడో బెంచి పిల్ల వస్తలేదు. గౌలిపుర పిల్ల, నోట్లకెళ్లి మాట రాదు. వారం చూసి పక్కపిల్లను అడిగిన.

"ఇల్లు మారి జల్‌పల్లి పోయిండ్రు మేడం. ఇగ రాదు. మీరే సెలవిచ్చిండ్రట గద."

"నేనెప్పుడిచ్చిన?"

"పరీక్ష పేపర్ల."

అబద్ధాలాడుతున్నవా అని దాన్ని నిలవెట్టిన. నిలవెట్టినంక నాకే గుబులైంది. అదే శనివారం మధ్యాహ్నం, పక్కపిల్లను ఇంటి గుర్తులడిగి, ఆటో మాట్లాడుకోని జల్‌పల్లి పోయిన.

చిన్న ప్లాట్ల ఇల్లు, గోడలకు ఇంక సున్నం గూడ వెయ్యలే. పిల్ల తండ్రి పెయింటర్. నన్ను చూసి ఆగమాగమై కుర్చీ తుడిచేసిండు. బిడ్డను బడికెందుకు పంపుతలేవన్నా అని అడిగితే పరేషానయిండు.

"మీరే సరే అన్నరు గద మేడం" అని లోపలికి పోయి, ప్లాస్టిక్ కవర్ల పెట్టిన పేపరు తెచ్చిండు. నా ఐదు, నా టిక్కు, నా సంతకం. ఆయనకు తెలుగు చదవరాదు. సెలవు చీటీ మీద మేడం సంతకముంటే సెలవిచ్చినట్టేనని, సంతకం మాత్రం చూపిచ్చిండు.

నేను మొదటిసారి చదివిన.

'గౌరవనీయులైన మేడం గారికి. మేము జల్‌పల్లికి ఇల్లు మారుతున్నము. రెండు బస్సులు మారాలె అని బాపు నన్ను బడి మాన్పిస్త అంటున్నడు. మేడంను అడుగుత అని నేనన్న. మేడం ఏమంటే గదే అన్నడు. మీ దగ్గరికొచ్చి చెప్పనీకి నాకు భయం. అందుకే పరీక్షల రాస్తున్న. దయచేసి నాకు సెలవు ఇయ్యకండి. ఇట్లు, మీ విధేయురాలు.'

ఊరు ఉన్నది, తేదీ ఉన్నది. ఏ తప్పూ లేదు.

పిల్ల తలుపు కాడ నిలవడ్డది. "మీరు చదివి గూడ వద్దనలేదనుకున్న మేడం" అన్నది. ఏడ్వలే. గది ఇంక బాధయింది. అరుద్దామంటే ఎవ్వరి మీద అరవాలె? సిగ్గుతోని తల ఎత్తలేకపోయిన.

సంచిల ఎర్ర పెన్ను ఉన్నది. ఐదు కొట్టేసిన. కింద 'సెలవు ఇయ్యను' అని రాసి, పైకి చదివి, మళ్ల సంతకం పెట్టిన.

తండ్రి రెండు సంతకాలను మార్చి మార్చి చూసిండు. "రెండూ మీయే గద మేడం. ఏది పక్కా?"

"గది చదవకుంట పెట్టిన అన్నా. ఇది చదివి పెట్టిన."

ఆయన పేపరు మళ్ల కవర్ల పెట్టిండు. నన్ను ఒక మాట అనొచ్చు, అనలే. "సోమవారం నేనే బస్సెక్కిస్త" అన్నడు.

పోయేముందు పిల్ల దగ్గరికి పోయిన. గొంతు తగ్గిచ్చి, నాకు చేతనైనంత మెల్లగ, "ఇగ ఏమన్నుంటే నాకు నోటితోని చెప్తవా?" అని అడిగిన.

పిల్ల నా ఎర్ర పెన్ను దిక్కు చూసింది.

"రాస్త మేడం" అన్నది. "మీరు చదవండి."