కప్పు ఊపిన పెద్దాయన

మా ఆఫీసు మొత్తాన్నీ ఒక ఫ్లాస్కు కషాయంతో ఎలా ముంచబోయానో చెబుతాను. చదువుతూ ఏమీ తాగకండి. పొలమారితే నా పూచీ లేదు.

రియాద్‌లో ఏసీలు బాగుచేసే చిన్న కంపెనీ మాది. ఆఫీసులో కుర్రవాళ్లం ముగ్గురం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలటీలు తాగడం, తర్వాత కడుపు పట్టుకుని మూలగడం మా దినచర్య. మా సీనియర్ రాజన్నది జగిత్యాల. ఆయన ఒకరోజు పాలపొడి డబ్బా తీసి అలమార పైన పెట్టేశాడు. ఆ రోజు నుంచి గొంతు పట్టేస్తే అల్లం, తిన్నది బరువనిపిస్తే సోంపు, మధ్యాహ్నం కునుకొస్తే పుదీనా. వేడినీళ్లలో ఏదో ఒక్కటే వేసి, మూతపెట్టి, వడకట్టి ఇచ్చేవాడు.

"ఇది మందా అన్నా?" అని అడిగాను.

"మందు గాదు తమ్మీ. నొప్పి తగ్గకుంటె డాక్టర్ దగ్గరికి పో. ఇది గా పాలు, చక్కెర తగ్గనీకె."

ఇంత తక్కువ మాటల్లో ఇంత నిజం చెప్పే మనిషిని నేను పుస్తకాల్లో కూడా అరుదుగానే చూశాను. అయినా నెల తిరక్కుండా నేనే వైద్యుణ్ణైపోయాను. ఒక్కో ఆకు ఇంత మేలు చేస్తే, అన్నీ కలిపితే మనిషి గాల్లో ఎగరడూ? శుక్రవారం బతా బజారుకు వెళ్లి పుదీనా, సోంపు, వాము, చామంతి, దాల్చినచెక్క, ఎండు గోంగూర పూలు తెచ్చి, మర్నాడు ఆఫీసులో అన్నీ కలిపి మరిగించి ఫ్లాస్కులో పోశాను.

ఆ రోజే మా పెద్ద కాంట్రాక్టు పొడిగింపు కోసం ఒక సౌదీ పెద్దాయన వచ్చాడు. ఆయన సంతకం పెట్టకపోతే మాకు ఉద్యోగాలుండవు, ఉద్యోగం లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా ఉండదు, ఇంటికి టికెట్టే. ఇంతలో రాజన్నకు ఫోనొచ్చింది.

"గహ్వా పొయ్యి తమ్మీ, ఇప్పుడే వస్త," అని బయటికి వెళ్లాడు.

నేను ఆ అరబ్బు కాఫీ ఎందుకు పోస్తాను? ఆరోగ్యం పోశాను. రంగు కలం సిరాలా, వాసన తడిసిన గోనెసంచిలా ఉంది. పెద్దాయన తాగి, కళ్లు మూసుకుని, చిన్న కప్పును అటూ ఇటూ ఊపాడు.

"షుక్రన్," అని థాంక్స్ చెప్పాడు.

ఇంకా కావాలట! పోశాను. మర్యాదస్తుడు, తాగాడు. మళ్లీ ఊపాడు, ఈసారి గట్టిగా. పాపం, ఎంత దాహమో! అంచు దాకా పోద్దామని ఫ్లాస్కు వంచాను.

రాజన్న తలుపు తీశాడు. ఊగుతున్న కప్పునూ వంగుతున్న ఫ్లాస్కునూ చూశాడు.

"అరె, ఆపురా! కప్పు ఊపుడంటె ఇగ చాలని!"

ఫ్లాస్కు లాక్కుని, తానూ ఒక కప్పు పోసుకుని, నిలబడే తాగేశాడు. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"పోసింది ఇతనే, కానీ నేర్పింది నేను. తప్పు నాది," అని పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత వేడినీళ్లలో ఉత్త పుదీనా వేసి తెచ్చాడు. అది తాగాక పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది.

"మా ఏసీలు బాగుచేసేది ఇతనేనా?" అన్నాడు నన్ను చూపిస్తూ.

"కాదు. ఇతను కంప్యూటర్ ముందే కూర్చుంటాడు."

"అయితే పెన్ను ఇవ్వండి."

రాజన్న చనిపోయి ఏడాదయింది. పాలపొడి డబ్బా ఇంకా అలమార పైనే ఉంది. దాని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఒక కప్పులో ఒక్క ఆకే. ఎవరు కప్పు ఊపినా నా చేతులు వెనక్కే. రోజూ పుదీనా టీ తాగాక నా కప్పు కూడా ఊపుతాను. పోసే మనిషి లేడని తెలుసు. అయినా మర్యాద మర్యాదే.