తగువుల డాక్టరమ్మ

మా డాక్టరమ్మకి తగువు లేనిదే పొద్దు గడిచేది కాదు. మనుషులెవరూ దొరక్కపోతే లిఫ్టుతో పెట్టుకునేది. "మూడు నొక్కితే నాలుగుకి తీసుకెళ్తావా? నాలుగులో నీకెవరున్నారు?" అని ఆవిడ నిలదీస్తుంటే, లోపలున్న జనం గోడలకి అతుక్కుపోయేవాళ్ళు.

ఆవిడ దగ్గర నేను పదకొండేళ్ళు పనిచేశాను. కాయితం మీద నా ఉద్యోగం పరిశోధన నర్సు. చేసిందేమో, ఆవిడ కసిరినవాళ్ళ వెనకాల వరండాలో పరుగెత్తి, "ఏమనుకోకండి, ఆవిడ మనసు మంచిదే" అని బతిమాలడం. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో గానీ, నిజం చెప్పొద్దూ, మొదటి రెండేళ్ళూ నాకే నమ్మకం లేదు.

మాది మోటార్ న్యూరాన్ జబ్బు మీద పరిశోధన చేసే విభాగం. కండరాలకి కదలమని చెప్పే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బది. ఒకరికి చెయ్యి, ఒకరికి కాలు, ఇంకొకరికి మాటతో మొదలవుతుంది. చాలామందికి తెలివి మాత్రం అలాగే ఉంటుంది. అదే కష్టం. అప్పట్లో ఒక కొత్త మందు పరీక్షిస్తున్నాం. సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చు అలాగే ఉండే ఉత్త గోలీ. ఎవరికేది పోతోందో రోగికీ తెలియదు, మాకూ తెలియదు. మూడు నెలలకోసారి అందరూ వచ్చేవాళ్ళు. గుప్పిట బలం చూసేవాళ్ళం, గొట్టంలోకి ఊపిరి ఊదించేవాళ్ళం. పన్నెండు ప్రశ్నలు అడిగి నలభై ఎనిమిదికి మార్కులు వేసేవాళ్ళం. చివర్లో వరండా కొసనున్న చిన్న గదిలో కూర్చోబెట్టి గొంతు రికార్డు చేసేవాళ్ళం.

ఆ గది ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. గోడలకి బూడిదరంగు స్పాంజి, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మైకు. పక్కనే చిన్న ఎర్ర దీపం. దీపం వెలుగుతున్నంతసేపూ గదిలో మాట్లాడిందంతా రికార్డవుతుందని ఒప్పుకుంటూ అందరూ సంతకాలు పెట్టేవాళ్ళు. పెట్టించింది నేనే. చదివినవాళ్ళు ఎవరూ లేరు, నాతో సహా.

రోగి మూడువందల వాక్యాలు చదవాలి. "ఈ రోజు గాలి చల్లగా ఉంది." "దయచేసి కిటికీ తెరవండి." ఇలాంటివే అన్నీ. అవి పూర్తయ్యేసరికి చదివినవాళ్ళకి ఆవులింతలు, విన్నవాళ్ళకి నిద్ర. సరిగ్గా అప్పుడు డాక్టరమ్మ లోపలికొచ్చేది, తగువుతో.

లెక్కల మాస్టారొకాయన ఉండేవారు. "మాస్టారూ, పదిహేడో ఎక్కంలో పదిహేడేళ్ళు నూట ఇరవై ఒకటి కదూ?" అందావిడ.

"నూట పంతొమ్మిది."

"నాకు ఇరవై ఒకటనే గుర్తు."

"మీ గుర్తుతో నాకేం పనండీ? నూట పంతొమ్మిదే!"

"మా కాలంలో ఇరవై ఒకటే ఉండేది లెండి."

మాస్టారు కుర్చీలోంచి లేవలేరు గానీ, లేచినంత పని చేశారు. ఆవిణ్ణి బెంచీ ఎక్కించాలన్నారు. ఆవిడ తల్లిదండ్రుల్ని పిలిపించాలన్నారు. ఆయన్ని చక్రాల కుర్చీలో బయటికి తోసుకొస్తూ నేను మామూలుగానే, "ఏమనుకోకండి, ఆవిడ మనసు..." అని మొదలెట్టాను. "మనసు సంగతి తర్వాత. ముందు ఎక్కాలు నేర్పించండమ్మా!" అని గర్జించారు.

లారీ డ్రైవరొకతను వస్తే ఆడవాళ్ళ డ్రైవింగే మేలంది. ఒక బామ్మగారితో, అంత్యాక్షరిలో మిమ్మల్ని మూడు నిమిషాల్లో ఓడిస్తానంది. ఆవిడే ఓడిపోయి, బామ్మగారు తొండి చేశారని గొడవ. బామ్మగారు కోపంతో మొదలెట్టి పడీపడీ నవ్వుతూ బయటికొచ్చారు. నేను తలపట్టుకుని, బతికుంటే ఇంకో ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకుందామనుకున్నాను.

అలా ఉండగా టైలరుగారు వచ్చారు. యాభై ఎనిమిదేళ్ళు. కుడిచేతి బొటనవేలు కత్తెర మాట వినడం మానేసింది, మాట కొద్దిగా ముద్దగా వస్తోంది. మహా నెమ్మది మనిషి. ఏమడిగినా "అలాగేనమ్మా", "మీ ఇష్టమమ్మా". నేను మెచ్చుకుంటే ఆయన భార్య నన్ను పక్కకి లాగింది.

"జబ్బు సంగతి తెలిసిన రోజునుంచీ ఇదే వరసమ్మా. ముప్ఫయ్యేళ్ళు ఇల్లెగిరిపోయేలా అరిచిన మనిషి, ఇప్పుడు మంచినీళ్ళిస్తే 'థాంక్స్' అంటున్నారు. నాకు భయమేస్తోంది."

టైలరుగారు మూడువందల వాక్యాలూ అప్పజెప్పినట్టు చదివేశారు. అప్పుడొచ్చింది డాక్టరమ్మ, కొత్త తెల్లకోటు వేసుకుని. దాని కుడి చెయ్యి మణికట్టు దాకా ఉంది, ఎడమ చెయ్యి మోచేతికి కాస్త కింద ఆగిపోయింది.

"మీ టైలర్లంతా ఇంతేనండీ. చూడండెలా కుట్టారో! మీరైనా ఇలాగే కుట్టేవారుగా?"

టైలరుగారు కోటు వంక చూశారు. చూపు తిప్పుకున్నారు. మళ్ళీ చూశారు.

"ఎవడు కుట్టాడమ్మా అది?"

"ఎవరైతేనేం, అందరూ ఒకటే."

"అందరూ ఒకటా? అందరూ ఒకటా! ఆ కుట్టు చూడండి, కాలవగట్టులా వంకర! భుజం ఎక్కడ, చెయ్యి ఎక్కడ? వాడికి కత్తెరిచ్చినవాణ్ణి ముందు జైల్లో వెయ్యాలి! ఇప్పండి, ఇప్పండా కోటు! నా ముందు దాన్ని తొడుక్కుని నిలబడ్డారంటే..."

పావుగంట. స్పాంజి గోడలు దాటి వరండా అంతా వినిపించింది. నేను హడావుడిగా లేవబోతే, పక్కన కూర్చున్న ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. మొహమంతా వెలిగిపోతోంది. "అదిగో, మా ఆయన!" అంది. ఆ మాట అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

రెండేళ్ళకి, ఎవరికేది పోయిందో లెక్కలు విప్పారు. మందు పనిచెయ్యలేదు. అసలు మందు మింగినవాళ్ళూ, ఉత్త గోలీ మింగినవాళ్ళూ ఒకే దారిలో నడిచారు. అప్పటికే మాస్టారు లేరు. టైలరుగారి మాట పూర్తిగా పోయింది. డాక్టరమ్మ ఒక్కొక్కళ్ళకీ తనే ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత మూడు రోజులు ఎవరితోనూ తగువు పడలేదు. లిఫ్టు నాలుగుకి తీసుకెళ్తే కిక్కురుమనకుండా మెట్లు దిగి వచ్చింది. ఆవిణ్ణి అలా చూడలేకపోయాం. క్యాంటీన్ అతనైతే కావాలని చల్లారిన కాఫీ ఇచ్చి చూశాడు. ఆవిడ తాగేసింది!

నాలుగోరోజు మందు కంపెనీ తరఫున తనిఖీ అధికారి వచ్చాడు. అంతా సవ్యంగా ఉందిగానీ, గొంతుల రికార్డుల దగ్గర ఆగిపోయాడు.

"ఇవేమిటండీ? 'తగువు, మాస్టారు, ఎక్కాలు'. 'తగువు, బామ్మగారు, తొండి'. వంద గంటల పైన ఉన్నాయి! మన పద్ధతిలో ఇవి లేవే. తీసెయ్యాలి."

"సంతకం పెట్టిన కాయితం చదివారా?" అంది డాక్టరమ్మ.

"అంటే... పైపైన చూశాను."

"ఎర్ర దీపం వెలుగుతుండగా మాట్లాడిందంతా ఉంచుకోవచ్చని ఉంది. ఏం, తీసేస్తారా? తియ్యండి చూద్దాం!"

హమ్మయ్య, మా డాక్టరమ్మ మాకు దక్కిందనుకున్నాను. గంటసేపు వాదించి అధికారి ఓడిపోయాడు. అతని వెనకాల అలవాటుగా పరుగెత్తి, సర్దిచెప్పి వచ్చి ఆవిణ్ణి అడిగాను. "ఇంతకీ ఆ తిట్లన్నీ ఎందుకమ్మా?"

"రాసిచ్చింది చదివేటప్పుడు ఎవరి గొంతైనా బళ్ళో పిల్లాడి గొంతే అమ్మాయ్. రేపు మాట పోయాక కంప్యూటరు వీళ్ళ తరఫున మాట్లాడాలి కదా. ఇంట్లోవాళ్ళు పిల్లాడి గొంతుతో ఏం చేసుకుంటారు? నాకు వీళ్ళ కోపం కావాలి, నవ్వు కావాలి. నవ్వండి అంటే నవ్వరుగా! పోట్లాట పెట్టుకుంటే రెండూ వస్తాయి." మళ్ళీ తనే, "ఆ కోటు ఎవరు కుట్టారనుకున్నావ్? నేనే. ముందురోజు కూర్చుని చెయ్యి విప్పి కురచగా కుట్టాను. మూడుసార్లు సూది గుచ్చుకుంది. అంత తిట్టు తినక తప్పుతుందా?" అంది.

మాస్టారు పోయిన నెలకే వాళ్ళమ్మాయి చేతిలో డాక్టరమ్మ ఏదో చిన్న పెట్టె పెట్టడం, ఆ పిల్ల వరండాలో చెవి దగ్గర పెట్టుకుని వింటూ పకపకా నవ్వడం చూశాను. అదేమిటో అప్పుడర్థమైంది.

తర్వాతి వారం టైలరుగారు వచ్చారు. ఆయన ఒళ్ళో తెర ఉన్న పలక ఒకటి. ఎడమచేతి వేలితో అక్షరాలు తాకితే అది పైకి చదువుతుంది. ఆర్నెల్లుగా దానిలోంచి వార్తలు చదివే గొంతు వచ్చేది. "ఎవరో పరాయి మగాడు ఇంట్లోకొచ్చి దుప్పటి అడుగుతున్నట్టుందమ్మా" అని ఆయన భార్య వాపోయేది. మా కంప్యూటరు ఇంజనీరు వారం రోజులు కూర్చుని, ఆ కోటు తగువులోంచి టైలరుగారి గొంతు తయారుచేసి పలకలో పెట్టాడు.

"ఏదైనా చెప్పండి" అంది డాక్టరమ్మ.

ఆయన చాలాసేపు భార్య వంకే చూశారు. తర్వాత వేలు మెల్లగా కదిలింది. ఒక్కో అక్షరం. భార్య కళ్ళు అప్పుడే తడయ్యాయి.

పలక గట్టిగా అంది, అచ్చం ఆయన గొంతుతో: "ఏమేవ్! ఆ చేతిసంచీ జిప్పు ఊడి ఆర్నెల్లయింది. టైలరు పెళ్ళానివి, నలుగురిలో ఎలా తిరుగుతున్నావే?"

ఆవిడ ఉలిక్కిపడి సంచీ వెనక్కి దాచుకుంది. మరుక్షణం ముందుకి లాగి ఆయన ముందు ఊపింది. "ఆర్నెల్లకి నోరొస్తే మొదటి మాట ఇదా? నా జిప్పేనా దొరికింది మీకు? మీ చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారో తెలుసా?"

వేలు మళ్ళీ కదిలింది. ఈసారి కాస్త వేగంగా.

డాక్టరమ్మ నన్ను బయటికి లాగి తలుపు దగ్గరికేసింది. బెంచీ మీద తర్వాతి రోగి, అతని అన్నయ్య కూర్చుని ఉన్నారు. పదింటికి రమ్మన్నారు, పదకొండున్నరయింది, ఇంకెంతసేపని అన్నయ్య గట్టిగానే అడిగాడు. ఇంకేముంది, అయిపోయాడనుకున్నాను.

ఆవిడ అతని పక్కనే బెంచీ మీద కూర్చుంది. "కాస్త ఓపిక పట్టు నాయనా," అంది మెత్తగా. "లోపల మొగుడూపెళ్ళాలు పోట్లాడుకుంటున్నారు. మధ్యలో వెళ్తే బాగుండదు."