తెరిచి చూడకుండా రాసిన పేజీ

వేములవాడ రాజన్న మీద ఆన, ఇందులో ప్రతి మాటా నిజం. నా సంగతి ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. మానేరు వరదలో కొట్టుకుపోతున్న బర్రె మీద కూర్చుని పరీక్ష రాయడానికి పోయానని ముప్పై ఏండ్లుగా చెప్పుకుంటూ తిరుగుతున్నవాణ్ని. అయినా ఈ ఒక్కసారికి నమ్మండి.

మొన్న ఆదివారం మా తమ్ముని బిడ్డ హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. పాత తెలుగు సాఫ్ట్‌వేర్లు పోకుండా ఒకచోట చేర్చి, వేటి వివరాలు వాటికి రాసిపెట్టే పనిలో ఉందట. ఇరవై ఏండ్ల కింద మేము కరీంనగర్‌లో తయారుచేసిన సీడీ ఒకటి, దాంతోపాటు దాన్ని ఎట్లా వాడాలో నేను రాసిన చిన్న పుస్తకమూ దొరికాయట. "పెద్దబాపు, తొమ్మిదో పేజీల నువ్వు రాసింది ఒకటి, తెరిస్తె కనవడేది ఒకటి. రెండిట్ల ఏది పెట్టమంటవ్?" అని మామూలుగానే అడిగింది. ఆ పిల్లకేం తెలుసు. నేను మాత్రం చేతిలో చాయ్ పక్కన పెట్టి, ఆ పేజీ మళ్లీ ఒకసారి చదవమన్నాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ గదిలోకి పోవాలంటే గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచే రోజులవి. టవర్ సర్కిల్ దగ్గర బట్టల దుకాణం పైన మా మేనమామ నడిపే సెంటర్లో నేను పని నేర్చుకున్నాను. నేర్చుకున్నదానికన్నా కోసిన కోతలే ఎక్కువ. ఏసీ గాలికి మెషిన్‌కు జలుబు చేస్తుందని చెప్పి ఒక పెద్దమనిషి మెడలోని మఫ్లర్ విప్పించి దానికి చుట్టబెట్టించిన ఘనుణ్ని.

ఆ రోజుల్లోనే, గల్ఫ్ పోయినవాళ్ల కుటుంబాల కోసం కొందరు కలిసి పెట్టుకున్న చిన్న సంఘం మామతో ఒక సాఫ్ట్‌వేర్ చేయించుకుంది. ఎవరి మనిషి ఏ దేశంలో ఉన్నాడు, ఏ కంపెనీలో ఉన్నాడు, ఆపద వస్తే ఎక్కడ వెతకాలి అన్నవి ఊళ్లలోనే రాసిపెట్టుకునే ఏర్పాటది. ఫైళ్లన్నీ ఒకే మూటగా కట్టి, సీడీలో ఎక్కించి ఊళ్లకు పంపేవాళ్లం. అక్కడ ఆ మూట విప్పినప్పుడు, ఎవరు చదవొచ్చు, ఎవరు దిద్దొచ్చు అనే హద్దులు ఒక్కో ఫైలుకు వాటంతటవే పడతాయి. మూడంకెల్లో రాస్తారు వాటిని. ఆరు సున్నా సున్నా అంటే ఆ ఫైలు ఎవరిదో వాళ్లు తప్ప ఇంకొకరు చూడలేరు. ఆరు నాలుగు నాలుగు అంటే ఆ మెషిన్ మీద ఏ పేరుతో కూర్చున్నవాళ్లయినా చదవొచ్చు, దిద్దలేరంతే. కొత్త మెషిన్ మీద మూట విప్పి, ఏ ఫైలుకు ఏ అంకె పడిందో కళ్లారా చూసి పుస్తకంలో రాయమని మామ నాకు చెప్పాడు.

ఆ పొద్దు మంచిర్యాలలో దోస్తు పెండ్లి. మూట విప్పితే పెండ్లి పోతుంది, విప్పకపోతే పేజీ పోతుంది. రెండూ పోకుండా బస్సులోనే ఒడిలో కాగితం పెట్టుకుని, ఇంటి గుట్టు ఉండే ఫైళ్లు కదా, మామ మూసే ఉంచి ఉంటాడని ఊహించి, అన్నింటికీ ఆరు సున్నా సున్నా అని రాసేశాను. అదే ఆ తొమ్మిదో పేజీ. మర్నాడు మామ చూసినవా అని అడిగితే, రెండుసార్లు చూశానని, నడుమ కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి చూశానని, చెమటలు కూడా తుడుచుకుని చూపించాను. నమ్మాడు.

ఆ సీడీల్లో ఒకటి బోథ్‌కు పోయింది. అక్కడ మా పెద్దమ్మ బిడ్డ టైపింగు నేర్పే గది నడిపేది. పొద్దున ఆడవాళ్ల వివరాలు ఎక్కించేది, మధ్యాహ్నం అదే మెషిన్ మీద వేరే పేరుతో నేర్చుకునేవాళ్లు కూర్చునేవాళ్లు. ఒకరోజు ఒకామె తలుపు దగ్గరికేసి, దుబాయిలో తన మొగుడు కంపెనీ విడిచి పారిపోయి దాక్కుని పని చేస్తున్నాడని, అత్తగారింట్లో ఎవరికీ తెలియదని, రేపేమన్నా అయితే ఎక్కడ వెతకాలో ఒక్కచోటైనా రాసి ఉండాలని చెప్పి రాయించుకుంది. తొమ్మిదో పేజీని నమ్మి అక్క రాసింది. నేర్చుకునేవాళ్లలో ఎవరో అది తెరిచి చదివారు. రెండు రోజులకు బస్టాండంతా అదే ముచ్చట.

ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి, "నీకొక్కదానికే చెప్పిన గదక్కా" అని ఆ ఒక్క మాట అని పోయిందట.

ఆ సాయంత్రమే అక్క నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, నాకొక్కదానికే కనవడాలె గదా. మరెట్ల తెలిసిందంటవ్?" తప్పు నా తొమ్మిదో పేజీలోనే ఉందని, మూట విప్పితే నిజంగా పడేది ఆరు నాలుగు నాలుగని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎన్నడూ తడుముకోని నా నోరు అప్పుడూ తడుముకోలేదు. "నీ పాస్‌వర్డ్ ఎవరికన్న చెప్పినవేమో అక్కా, జర యాది చేసుకో" అన్నాను.

యాది చేసుకుంది. ఎప్పుడో, ఎవరి ముందో పైకి చదువుతూ కొట్టి ఉంటానని తనకు తానే ఒప్పుకుంది. ఊళ్లో దాని కడుపుల మాట దాగదన్నారు, ఆడవాళ్లు రావడం మానేశారు, ఏడాది తిరక్కుండా ఆ గది మూతబడింది. తరువాత సీడీలు పోయిన ఊళ్లన్నీ తిరిగి, అక్కడి మెషిన్ల మీద అంకెలు నేనే చప్పుడు చేయకుండా సరిచేశాను. సీడీని, పుస్తకంలో పేజీని మాత్రం మార్చలేదు. మారిస్తే ఎందుకు మార్చినవని మామ అడుగుతాడని.

తమ్ముని బిడ్డకు తెరిస్తె కనవడేదే పెట్టు బిడ్డా అని చెప్పాను. రెండంకెలు దిద్దింది, అయిపోయింది. నేను ఆగలేక మర్నాడే బోథ్ పోయాను. అక్క జొన్నరొట్టె చేస్తుంటే పొయ్యి పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. వింటూ వింటూ నవ్వింది. "గింతదానికి ఇన్నేండ్లు మోసినవా తమ్మీ" అని రొట్టె నా పళ్లెంలో వేసింది.

ఇప్పుడు ఫోన్ అడుగడుగునా అనుమతి అడుగుతుంది, చదవకుండానే అవునని నొక్కుతాం. ఎవరు చూస్తారో ఏమో అనే బెంగ కూడా లేదు. తలుపు దగ్గరికేసి, ఒక మనిషిని ఎంచుకుని, ఆ ఒక్క మనిషికే చెప్పుకునే కాలం ఒకటుండేది.

ఇందులో నేను కల్పించింది ఆ పొయ్యి దగ్గరి ముచ్చట ఒక్కటే. బోథ్‌కు బయల్దేరిన మాట నిజం. నిర్మల్‌లో దిగి, బోథ్ బస్సు నా ముందు నుంచి పోతుంటే చూస్తూ నిలబడి, కరీంనగర్ బస్సెక్కి వచ్చేశాను. ఆ నవ్వు, ఆ రొట్టె తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని అల్లుకున్నవి. అక్క ఈనాటికీ తప్పు తనదే అనుకుంటున్నది.