బీరపాదుకు ఆనపకాయ

మూతి మీద మీసం మొలిచిన మర్నాటి నుంచే నాకు సర్వజ్ఞానమూ మొలిచింది. అంతకుముందు ఏమీ తెలియకపోయినా సుఖంగానే బతికాను. అన్నీ తెలిశాక నేను పడ్డ అవస్థ కొంత, నా వాళ్లను పెట్టిన అవస్థ కొండంత. మాది ఉద్దానంలో, కంచిలికీ సముద్రానికీ మధ్య ఇసక నేలల్లో ఒక ఊరు. ఇంటి ముందు కొబ్బరి, ఇంటి వెనక కొబ్బరి, మధ్యలో మేము. కొబ్బరి గురించి మాట్లాడని మగాడిని మా ఊళ్లో మూగవాడి కింద జమకట్టేవారు. నేనైతే నిద్దట్లో కూడా మాట్లాడేవాణ్ణట.

పెరట్లో నూతి పక్కన మాత్రం కాస్త మేర కొబ్బరి లేకుండా ఉండేది. అది అప్ప రాజ్యం. అప్ప అంటే మా అక్క, మా వైపు అలాగే అంటాం. నన్ను కన్న కొన్నాళ్లకే అమ్మ పోతే, నన్ను చంకనేసుకుని పెంచింది అప్పే. ఆమెను టెక్కలి దగ్గర ఒక ఊరికిచ్చారు. కాపురానికి వెళ్లి కుదురుకునే లోపలే బావకు జ్వరం వచ్చి పోయాడు. దినాలు కాగానే అత్తవారు "దీని కాలు మంచిది కాదు" అని మూట కట్టి మా గుమ్మంలో దించి వెళ్లిపోయారు. అప్ప ఆ మూట అరుగు మీద పెట్టి, నన్ను పలకరించడానికైనా ఆగకుండా పెరట్లోకి వెళ్లి, ఎండిపోతున్న వంగమొక్కకు నీళ్లు పోసింది. నాకు బాగా గుర్తు, ఎందుకంటే నాకు కోపం వచ్చింది.

ఇక అప్పటి నుంచి ఆ పెరడు పెరడు కాదు. వానలు వెనకబట్టి ఆశ్వయుజం వచ్చేసరికి పందిరి నిండా బీర, దడి మీద చిక్కుడు, పశువుల పాక మీద ఆనప, కింద వంగా మిరపా. ఎండ పచ్చబడే వేళ అప్ప పందిరి కింద నిలబడి పిందెలు లెక్క చూసుకునేది. పిందెను వేలెత్తి చూపితే కుళ్లిపోతుంది కదా, అందుకని వేలు మడిచి చూపేది. నేను ఠపీమని వేలు చాచితే ఆ వేలి మీదే ఒకటి తగిలించేది.

కొన్నేళ్లకు అప్ప అత్తగారు మంచం పట్టింది. కాలు మంచిది కాదన్న వాళ్లకు అప్పుడు హఠాత్తుగా అప్ప చేతులు గుర్తొచ్చాయి. ఏటా దసరా వెళ్లగానే అప్ప మరిది బండి కట్టుకుని వచ్చేవాడు. చెడ్డవాడేం కాదు, నెమ్మదస్తుడు. అరుగు మీద కూచుని, "మాయమ్మకి సేసేవోల్లు నేరొదినా. నువ్వొచ్చీ," అనేవాడు. నాన్న చూరు వైపు చూసేవాడు. ఇచ్చిన పిల్ల వాళ్లది, అడిగితే పంపనని ఏ మొహంతో అనగలడు? రానని అప్ప కూడా అనలేదు. ఆ కాలంలో ఆడదాని నోట ఆ మాట వస్తే ఊరంతా నోరు చేసుకునేది. కాని అప్పకు ఒక మాట దొరికింది.

"వత్తాను మరిదీ. పాదులు కాపుకొచ్చినాయి గదా, ఇప్పుడు ఇడిసిపెట్టి ఎలాగొత్తాను? ఇయ్యి అయిపోనాక సూద్దాం."

మా వైపు మనిషికి దీనికి ఎదురు చెప్పడం చేతకాదు. కాపుకొచ్చిన పాదును వదిలి రమ్మనడం, పాలు తాగుతున్న దూడను లాగెయ్యమనడంతో సమానం. బీర అయ్యేసరికి చిక్కుడు పూసేది, చిక్కుడు అయ్యేసరికి వంగ కాసేది. ఆ పెరట్లో అన్నీ ఒకేసారి అయిపోయిన రోజు ఎప్పుడూ రాలేదు. మరిది బుర్ర గోక్కుని, ఇన్ని బీరకాయలు కట్టించుకుని వెళ్లిపోయేవాడు.

నాకు మీసం మొలిచిన యేడు బావ తద్దినానికి అప్పే టెక్కలి వెళ్లవలసి వచ్చింది. వెళ్తూ నన్ను పందిరి కింద నిలబెట్టింది.

"ఇదిగో, సాయంత్రం పాదుల మొదట్లో నీళ్లు పొయ్యి. పురుగు కనబడితే పొయ్యిలో బూడిద సల్లు. ఇంకేటీ సెయ్యకు. నువ్వేటీ సెయ్యకపోతే అదే పదివేలు."

అవమానం! కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగినవాడికి, నీళ్లు పొయ్యడానికి పాఠమా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది అనుకున్నాను.

అక్కడ అత్తగారికి జ్వరం తిరగబెట్టిందని అప్ప రాక ఆలస్యమైంది. ఇక్కడ నేను రోజూ నీళ్లు పోస్తూ పాదుల్ని పరీక్షగా చూడసాగాను. చూస్తే ఏముంది, పూలు పూసినవి పూసినట్టే రాలుతున్నాయి. ఏ తీగకైనా తొలిపూత కొంత రాలుతుందని ఊళ్లో ముసలమ్మలందరికీ తెలుసు. నాకు మాత్రం అంతకంటె పెద్ద సంగతి తెలుసు. కొబ్బరిచెట్టు పిందె రాలుస్తుంటే ఏం చేస్తాం? మొదట్లో పాదు తీసి ఉప్పు వేస్తాం. వేస్తే గెల నిలుస్తుంది. మా తాత వేశాడు, నాన్న వేశాడు, నేనూ వేశాను. అంత పెద్ద చెట్టుకే పని చేసే మందు, ఇంతలేసి తీగలకు పని చెయ్యదా? కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నాకు ఉపాయం దొరికింది.

నౌపడ నుంచి తెచ్చిన ఉప్పు బస్తా కొట్టంలో ఉంది. బీరకు, ఆనపకు, చిక్కుడుకు, వంగకు, ఎవరికీ అన్యాయం జరక్కుండా దోసెడేసి వేశాను. మిరపకు చిన్నపిల్ల కదా అని కాస్త తగ్గించాను.

ఆకులు వాలాయి. ఎండకు కాబోలు అనుకున్నాను. అంచులు మాడాయి. అప్పుడైనా ఆగవచ్చు కదా? మోతాదు చాల్లేదని తేల్చి ఇంకో దోసెడు వేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నేను రెండోసారి కూడా వేసి, ఊడిన నాలుకను వెతుక్కోకుండా చేశాను. నాగులచవితి వచ్చేసరికి పందిరి మీద బీర చేపల వలలా ఎండి వేలాడుతోంది.

నాన్న నూతి దగ్గరికి వచ్చి, పందిరి చూసి, నన్ను చూసి, "కాయక ముందే ఊరబెట్టీసినావేట్రా!" అన్నాడు. ఆ మాట గంటలో ఊరంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. దారిలో ఎదురైనవాడల్లా, "బావా, మీ పెరట్లో ఊరగాయ ఊరినాదేటి? మాకొక ముక్కెయ్యి!" అనేవాడు. కొన్నాళ్లు నేను ఇల్లు కదలడం మానేశాను.

అప్పుడు తెలిసింది అసలు కబురు. టెక్కలి నుంచి వచ్చిన బండివాడొకడు చెప్పాడు. మర్నాడు మరిది అప్పను తీసుకొస్తున్నాడట, కాని దింపి వెళ్లడానికి కాదు, బట్టలు సర్దించి ఇకపై అక్కడే ఉండేలా తీసుకుపోవడానికట. నాన్న చుట్ట ఆర్పేసి, "పాదులున్నాయి గదా అని దానికి ధీమా," అన్నాడు. అంతే అన్నాడు. ఇన్నేళ్లూ ఆ ఇంటికీ అప్పకూ మధ్య అడ్డంగా నిలబడ్డది ఆ నాలుగు తీగలే. వాటిని నేను ఉప్పేసి చంపాను. నా మీసం నేను పీక్కోవాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే సంతకు పరుగెత్తాను. బీరకాయలు తెచ్చి పందిరికి వేలాడదీస్తే, దూరం నుంచి చూసి మరిది ఎప్పటిలాగే బుర్ర గోక్కుని వెళ్లిపోతాడని నా ఎత్తు. సంతలో బీరకాయ ఒక్కటి లేదు. ఆనపకాయలున్నాయి. చచ్చిన తీగకు కులగోత్రాలేమిటని వాటినే మోసుకొచ్చాను. ఆనపతీగ పాక మీద, ఎవరికీ కనబడదు. బీరపందిరి ఎదురుగా కనబడుతుంది. కాబట్టి కొబ్బరి పీచు తాడుతో, చక్కగా, గట్టిగా, బీరపందిరికే కట్టాను. కట్టి, వెనక్కి జరిగి చూసుకుని, భేష్ అని కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం బండి వచ్చింది. అప్ప దిగింది. చిక్కిపోయింది. చేతులు చూశాను: రుబ్బి, దంచి, తోమి వేళ్లన్నీ పగిలి ఉన్నాయి. "బాగున్నావురా?" అని నవ్వింది. మరిది కాళ్లు కడుక్కోవడానికి నూతి వైపు నడిచాడు. నేను అడ్డం వెళ్లి, నీళ్లు నేను తెస్తానన్నాను. పొరుగూరి చుట్టానికి అంత మర్యాద చెయ్యడం నా చరిత్రలో లేదు గనక అతనికి అనుమానం వచ్చింది.

పందిరి కింద నిలబడి ఒక ఆనపకాయను పట్టుకున్నాడు. అది తాడుతో సహా చేతిలోకి వచ్చింది.

"ఒదినా, ఇలగొచ్చి సూడు. మీ బీరపాదుకి ఆనపకాయ కాసినాది. ముడితో కాసినాది."

అప్ప వచ్చింది. తల ఎత్తి పందిరి చూసింది, దడి చూసింది, పాక చూసింది. కింద కూచుని చిటికెడు మట్టి నాలిక మీద వేసుకుని, ఉమ్మేసింది.

"కొబ్బరికేసినట్టేసినావేట్రా?"

"ఊఁ."

తిట్టలేదు. తిడితే బాగుణ్ణు. ఒక ఎండుతీగను వేళ్ల మధ్య నలుపుతూ అలాగే కూచుంది.

మరిది గొంతు సవరించుకున్నాడు. "మరింక పాదుల బాధ తీరిపోనాది గదా ఒదినా. బట్టలు సర్దుకో. రేపు సల్లపూట బండి కడతాను."

నాన్న గుమ్మంలో నిలబడి చూరు చూస్తున్నాడు. వాదించాలంటే నాకు కొబ్బరి గురించి తప్ప ఇంకేం తెలుసు? నోరు తెరిస్తే వచ్చిన మాట ఒక్కటే. "అప్పా, ఎల్లకప్పా," అన్నాను. మీసం ఉన్నవాడి గొంతులా లేదది. కళ్లమ్మట నీళ్లు కూడా కారాయి, తుడుచుకోలేదు.

అప్ప నా వైపు చూసింది. లేచి, చీర కుచ్చిళ్లకంటిన ఇసక దులుపుకుంది.

"మరిదీ, పాదులుంటే ఎవులికైనా అప్పగించి వద్దును. ఇన్ని నీల్లు పోత్తే సాలు, ఆటికి బుద్ధుంతాది. ఈన్నెవులికి అప్పగించను బాబూ? బీరపాదుకి ఉప్పెట్టి, ఆనపకాయ కట్టినోడు! రేపు సలేత్తందని ఇంటికి నిప్పెట్టీసి సేతులు కాపుకుంతాడు. ఈడికి తెలివొచ్చినాక తప్పకుండా వత్తాను."

మరిది చేతిలో ఆనపకాయ ఇంకా ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. కాదనడానికి ఏదైనా దొరుకుతుందేమోనని నిజాయితీగానే వెతికాడు పాపం.

"నిజమే ఒదినా," అన్నాడు చివరికి. అంత తొందరగా ఒప్పుకోవడం మాత్రం నాకు నచ్చలేదు.

పై యేడు మళ్లీ వచ్చాడు. అప్ప నా వైపు చెయ్యి చూపింది. అప్పటికి నాకు విషయం బోధపడింది: నాకు తెలివి రానంత కాలమే అప్ప ఈ ఇంట్లో ఉంటుంది. ఇంకేం, అది నా చేతిలో పనే. దసరా వెళ్లాక మరిది బండి మలుపు తిరిగిందంటే తలపాగా తిరగేసి కట్టుకునేవాణ్ణి. చిక్కుడు గింజ ముక్కు కిందికి పెట్టాలా పైకి పెట్టాలా అని అతని సలహా అడిగి, చెప్పిందానికి తలకిందులు చేసేవాణ్ణి. ఒక యేడు ఎద్దు గంట నా మెడలో వేసుకుని కావిడి మోశాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఊళ్లో తగువులకు నలుగురూ నన్ను పిలిచే రోజులొచ్చాయి. అయినా మరిది వచ్చిన పూట నేను వెర్రివాణ్ణే. అంతగా నటించనక్కర్లేని సంవత్సరాలు కూడా ఉన్నాయని మా ఆవిడ అంటుంది.

ఒక వేసవిలో ఆ అత్తగారు పోయింది. ఆ శరత్తులో మరిది కొబ్బరి మొక్కల కోసం వచ్చాడు. అతను చూసేలా నేను పెరట్లో మిరపనారు వేళ్లు పైకి, ఆకులు మట్టిలోకి పెట్టి నాటుతున్నాను. అతను చూసి, నవ్వి, భోజనం చేసి, మొక్కలు బండికెక్కించుకుని, "వత్తానొదినా," అని వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడంతే.

అప్ప వచ్చి నా పక్కన కూచుంది. జుట్టు సగం నెరిసింది. నేను నాటిన నారు ఒక్కొక్కటే పీకి, వేళ్లు కిందికి పెట్టి సరిగ్గా నాటసాగింది.

"రమ్మని అడగనేదురా," అంది.

"నేదప్పా."

ఇంకొక మొక్క పాతి, మొదట్లో మట్టి అదిమింది.

"ఇంక నువ్వు తెలివి తెచ్చుకోవచ్చురా. సాన్నాళ్లు కష్టపడ్డావు."

నేను నటిస్తున్నానని ఇన్నేళ్లూ ఆమెకు తెలియదనుకున్నాను. బురద చేతులతోనే మొహం కప్పుకుని, పెళ్లాం పిల్లలు చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను.